తాళం ఉంది, చెవి ఎక్కడ?

నాగాయలంకలో ఉండే మా బాబాయికి రొయ్యల చెరువుల మీదికి వెళ్ళిరావడానికి ఒక పాత కారు ఉంది. హైదరాబాదులో ముగ్గురి చేతులు మారి దివిసీమకి చేరిన బండి. నంబరు ప్లేటు మీద ఏపీ 09 చూస్తేనే రాష్ట్రం ఒకటిగా ఉన్న రోజులదని తెలిసిపోతుంది. పోయిన వేసవిలో గుడివాడలో పెళ్ళికి వెళ్ళాడు. భోజనాలయ్యాక సెల్ఫ్ కొడితే కిర్రుమంది తప్ప ఇంజను తిరగలేదు. పక్క వీధిలో బ్యాటరీ షాపు కుర్రాడు వచ్చి పావుగంటలో కొత్తది బిగించి వెళ్ళాడు. ఈసారి ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది. పామర్రు దాటి కూచిపూడి వైపు తిరిగాక పాటలు విందామని రేడియో నొక్కితే పాట రాలేదు. స్క్రీను మీద ‘కోడ్’ అన్న మాట, దాని పక్కన నాలుగు గీతలు.

బందరులో మూడేళ్ళు ఫిజిక్సు వెలగబెట్టానన్న పాపానికి మా చుట్టాల ఇళ్ళలో మిక్సీ తిరక్కపోయినా నాకే ఫోను వస్తుంది.

“ఒరేయ్, ఆ కుర్రాడు నా రేడియోకి ఏదో చేశాడురా.”

“ఏమీ చెయ్యలేదు బాబాయ్. బ్యాటరీ తీశాడు, అంతే.”

“బ్యాటరీ తీస్తే రేడియోకేం రోగం? తీసినచోటే కొత్తది పెట్టాడుగా!”

అడగాల్సిన ప్రశ్నే అడిగాడు. రోగం కాదది, రేడియోకి కంపెనీ నేర్పిన జాగ్రత్త. కారు రేడియోకి కరెంటు రెండు దారుల్లో వస్తుంది. ఒకటి తాళం తిప్పినప్పుడు మాత్రమే వచ్చేది, చాలా సెట్లలో ఎర్ర వైరు. ‘ఇక లే’ అని సెట్టుని తట్టి లేపడం దాని పని. రెండోది బ్యాటరీ నుంచి నేరుగా వచ్చే పసుపు వైరు. బండి ఆపినా, తాళాలు జేబులో వేసుకుని ఇంట్లోకి వెళ్ళినా ఈ వైరులో కరెంటు ఉంటూనే ఉంటుంది. గడియారం తప్పకుండా నడిచేది, మనం దాచుకున్న స్టేషన్లు గుర్తుండేది దీని వల్లే. పసుపు వైరులో కరెంటు ఒక్కసారి ఆగి మళ్ళీ వచ్చిందంటే సెట్టులోని చిన్న కంప్యూటరు కొత్తగా పుట్టినట్టు నిద్రలేస్తుంది. లేచీ లేవగానే దానికి వచ్చే ఆలోచన ఒక్కటే: నన్నెవరో ఊడబెరికారు.

నిజంగా ఊడబెరికారా, బ్యాటరీ మార్చారా, పేలిన ఫ్యూజు మార్చారా అన్నది దానికి తెలిసే దారి లేదు. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు దిగువకి వదిలినప్పుడు లంక గ్రామాలు మునిగాయి. పైన విజయవాడలో బుడమేరు నీళ్ళు ఇళ్ళ ముందున్న కార్ల బానెట్ల దాకా వచ్చాయి. నీళ్ళలో నానిన బండికి మెకానిక్కు ముందుగా చేసేది బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ ఊడదీయడం. ఆ క్షణాన పాత సెట్టు లెక్క ప్రకారం ఆ మెకానిక్కు కూడా దొంగే. ఉప్పెన చూసిన దివిసీమలో రేడియో అంటే సినిమా పాటలొక్కటే కాదు, తుపాను కబురు కూడా. కరెంటు పోయి, సెల్ టవర్లు మూగబోయిన పూట కారు రేడియో ఒక దిక్కు. సరిగ్గా అలాంటి పూటే అది నోరు మూసుకుని అంకెలు అడగడం చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు.

ఈ జాగ్రత్త మన ఊళ్ళలో పుట్టింది కాదు. 1980లలో న్యూయార్కులో కార్ల అద్దాలు పగలగొట్టి రేడియోలు ఎత్తుకుపోవడం ఎంత మామూలైందంటే, ‘ఇందులో రేడియో లేదు’ అని కాగితం రాసి అద్దానికి అంటించుకునేవాళ్ళు. యూరపులోనూ అదే గోల. బండిలో అంత ఖరీదు చేసేదీ, అంత తేలిగ్గా ఊడొచ్చేదీ మరొకటి లేదు. కంపెనీలు రకరకాల ఉపాయాలు పన్నాయి. కొన్ని సెట్లు మొత్తంగా బయటికి లాగి సంచిలో పెట్టుకుని వెళ్ళేలా వచ్చాయి. కొన్నిటికి ముందు పలక ఒక్కటే ఊడివస్తుంది. అన్నిటికన్నా ఎక్కువ కాలం నిలిచింది మాత్రం నాలుగంకెల కోడ్. దొంగతనాన్ని అది ఆపదు, దొంగిలించిన సరుకుకి ధర లేకుండా చేస్తుంది. మన అంబాసిడర్లకీ పద్మినీలకీ రేడియో విడిగా కొని బిగించుకునేవాళ్ళం కాబట్టి ఈ తంటా మనకి తెలియలేదు. విదేశీ కంపెనీల కార్లు ఇక్కడ తయారవడం మొదలయ్యాక, వాటి డ్యాష్‌బోర్డుల్లో బిగించి వచ్చిన సెట్లతో పాటు కోడ్ కూడా దిగింది.

సరే, కరెంటు పోతే గడియారమూ స్టేషన్లూ మరిచిపోయే సెట్టుకి కోడ్ మాత్రం ఎలా గుర్తుంది? మనం కొట్టిన అంకెలు తప్పో ఒప్పో చెప్పాలంటే సరైన అంకెలు దాని దగ్గర ఉండాలి కదా! ఉంటాయి. వాటిని కరెంటుతో పని లేని ఇంకో చోట రాసి పెడతారు. దానికోసం సర్క్యూట్ బోర్డు మీద ఎనిమిది కాళ్ళ చిప్పు ఒకటి ఉంటుంది, మినపగింజంత. మెకానిక్కులు దాన్ని ‘ఈప్రామ్’ అంటారు. అది ఎలా గుర్తుపెట్టుకుంటుందో బాబాయికి చెప్పాల్సి వచ్చినప్పుడు ఆయన చెరువులే నన్ను గట్టెక్కించాయి.

ఒక చెరువు అనుకోండి. చుట్టూ గట్టు, తూము లేదు, కాలువతో సంబంధం లేదు. గట్టు ఒకచోట మాత్రం బాగా పల్చగా ఉంది. మామూలుగా చుక్క నీరు అటూ ఇటూ పోదు. పెద్ద మోటారు పెట్టి బలంగా తోస్తే ఆ పల్చటి చోటు గుండా నీరు లోపలికి ఊరుతుంది. మోటారు ఆపేస్తే ఊట ఆగిపోతుంది, లోపలి నీరు లోపలే ఉండిపోతుంది. చిప్పులో చెరువంటే చిన్న సిలికాన్ పలక, గట్టు అంటే దాని చుట్టూ గాజులాంటి ఆక్సైడ్ పొర, నీరంటే ఎలక్ట్రాన్లు. పల్చటి చోట ఆ పొర మందం 10 నానోమీటర్లు. తలవెంట్రుకని నిలువునా కొన్ని వేల పొరలుగా చీలిస్తే ఒక పొర అంత. పదిహేను, ఇరవై వోల్టులతో నెడితే ఎలక్ట్రాన్లు దాని గుండా దూరతాయి. గోడకి కన్నం పడదు, గోడ ఎక్కి దూకడమూ ఉండదు, అయినా అటుపక్క తేలతాయి. క్వాంటం శాస్త్రం దీన్ని సొరంగం అంటుంది. మా ఊళ్ళో అయితే ఊట అంటే చాలు, అందరికీ తెలుస్తుంది.

చెరువు నిండుగా ఉందా ఖాళీగా ఉందా అన్నది, నీరు ముట్టుకోకుండానే, కింద నడిచే కరెంటు ధార చెబుతుంది. పైన ఎలక్ట్రాన్లు నిండి ఉంటే ఆ ధార సన్నగిల్లుతుంది. నిండుదనం ఒక అంకె, ఖాళీ ఒక అంకె. ఈ ఏర్పాటుని 1967లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో డావన్ కాంగ్, సైమన్ జీ అనే ఇద్దరు కనిపెట్టారు. క్యాంటీనులో పొరలు పొరలుగా ఉన్న కేకు తింటుండగా తట్టిందని అంటారు. మన ఫోన్లలో ఫొటోలు దాచే ఫ్లాష్ మెమరీ కూడా ఈ వంశంలోదే. పాత రేడియోల్లో తరచుగా కనబడే 24 సీ 02 అనే చిప్పులో ఇలాంటి చెరువులు 2,048. నాలుగంకెల కోడ్ దాచడానికి పదహారు చాలు. తయారీదార్లు పదుల ఏళ్ళకి హామీ ఇస్తారు, కొందరు వందేళ్ళంటారు. కాబట్టి ‘కోడ్ పోయింది’ అన్న మాటే సరి కాదు. కోడ్ కారులోనే ఉంది, పోయింది దాన్ని అచ్చేసిన కార్డు.

బాబాయి ఇవన్నీ వినేలోపే కొట్టాల్సినవి కొట్టేశాడు. మొదట తన పుట్టిన సంవత్సరం. హైదరాబాదులో ఎవరో పెట్టుకున్న కోడ్‌కీ నాగాయలంకలో ఈయన పుట్టుకకీ సంబంధం ఏమిటో ఆ దేవుడికే తెలియాలి. తర్వాత కారు నంబరు. ఇది మరీ వెర్రి ఆలోచనేం కాదు. ఓనరే కోడ్ పెట్టుకునే సెట్లు కొన్ని ఉన్నాయి. కూడితే తొమ్మిది రావాలని ఆర్టీవో ఆఫీసులో డబ్బు కట్టి మరీ నంబరు తెచ్చుకునే జనం కోడ్ కూడా అదే పెట్టుకోవచ్చు. కానీ కంపెనీ నుంచి బిగించి వచ్చిన సెట్లలో చాలావాటికి కోడ్ ఫ్యాక్టరీలోనే పడుతుంది, ఒక్కో సెట్టుకి ఒక్కోటి. మూడోసారి కూచిపూడి సెంటర్లో ఆగి, బండిలో ఆయనతో ఉన్న మా తమ్ముడు ఏదో కొట్టాడు. దాంతో స్క్రీను ‘ఆగండి’ అంది.

ఈ ఆగమనడంలోనే తాళం బలమంతా ఉంది. 0000 నుంచి 9999 దాకా ఉన్నవి పదివేల కోడ్‌లు. నిమిషానికి పది చొప్పున కొడితే పదిహేడు గంటల్లోపు అన్నీ అయిపోతాయి. ఓపికున్న దొంగకి ఒక రోజు పని. స్టేషన్ బటన్లు ఆరే ఉండి, 1 నుంచి 6 వరకే అంకెలు వాడే సెట్టయితే 1,296 మాత్రమే, రెండు గంటల పని. అందుకని మూడుసార్లు తప్పితే గంట ఆగమంటారు. అప్పుడు పదివేలూ చూడాలంటే 3,333 గంటలు, అంటే 139 రోజులు. కొన్ని సెట్లు ఇంకా గడుసువి, ప్రతి తప్పుకీ ఆగాల్సిన సమయాన్ని రెట్టింపు చేస్తాయి. మొదటి తప్పుకి ఒక నిమిషమే అనుకున్నా పదకొండో తప్పుకి 17 గంటలు, ఇరవై ఒకటో తప్పుకి దాదాపు రెండేళ్ళు. ఇంకొన్ని పది తప్పులు కాగానే పూర్తిగా బిగుసుకుపోయి, వర్క్‌షాపుకి తీసుకెళ్తే తప్ప తెరుచుకోవు. ఇంకో మెలిక. ఆ గంటా సెట్టు ఆన్‌లో ఉంటేనే లెక్క. రాత్రంతా బండి ఆపేసి పొద్దున చూసుకుందాం అనుకునేవాళ్ళకి పొద్దున కూడా ‘ఆగండి’ అనే వస్తుంది.

అందుకని ఊహించి కొట్టడం మానెయ్యాలి. వెతకాలి. ముందు కాగితాలు. కొత్తలో ఇచ్చిన మాన్యువల్, సర్వీసు పుస్తకం, వాటి మధ్య ఏటీఎం కార్డంత అట్టముక్క. కొన్ని బండ్లలో గ్లవ్ బాక్సు లోపలో, యాష్‌ట్రే కిందో స్టిక్కరు ఉంటుంది. బాబాయి కారు కాగితాల సంచిలో పొల్యూషన్ సర్టిఫికెట్లు ఎనిమిది, అన్నవరం సత్యదేవుడి ఫొటో ఒకటి దొరికాయి. మూడు చేతులు మారేటప్పుడు కన్సల్టెన్సీ వాళ్ళు ఆర్‌సీ, ఇన్సూరెన్సు చూస్తారు గానీ రేడియో కార్డు గురించి ఎవరడుగుతారు?

కార్డు లేకపోతే సెట్టు సీరియల్ నంబరు కావాలి. కొన్ని సెట్లలో ఒకటో బటనూ ఆరో బటనూ కలిపి నొక్కి పట్టుకుంటే స్క్రీను మీదే కనబడుతుంది. బాబాయిది కనబడలేదు, బయటికి తీయాల్సిందే. సెట్టుకి రెండు పక్కలా రెండేసి చిన్న రంధ్రాలున్నాయి. వాటిలోకి పోవడానికి గుర్రపు నాడా ఆకారంలో ప్రత్యేకమైన తీగలు అమ్ముతారు. గుడివాడలో మేం వెళ్ళిన రేడియో మెకానిక్కు వాటిని కొనలేదు, పాత సైకిలు చువ్వలు వంచి చేసుకున్నాడు. అవి లోపలికి దూర్చి కొద్దిగా బయటికి విడదీస్తూ లాగితే క్లిప్పులు వదిలి సెట్టు మొత్తం సొరుగులా ముందుకొచ్చింది. ఎడమ పక్కన దుమ్ము కింద స్టిక్కరు.

ఈ నంబరుతో డీలరు దగ్గరికి వెళ్తే వాళ్ళు ఆర్‌సీ, గుర్తింపు కార్డు చూసి కంపెనీ జాబితాలో కోడ్ వెతికి చెబుతారు. ఇదే మర్యాదైన దారి. ఆ రేడియో నీదేనని కాగితం చూపించమనడం మనకి మరీ కొత్తేం కాదు. ఒకప్పుడు రేడియో ఉన్న ప్రతి ఇల్లూ పోస్టాఫీసులో లైసెన్సు పుస్తకం మీద స్టాంపు వేయించుకోవలసిందే.

కొన్ని కంపెనీల సెట్లకి జాబితాతో కూడా పని లేదు. రెనో పాత సెట్ల స్టిక్కరు మీద ఒక అక్షరం, మూడంకెలు ఉంటాయి. వాటి మీద ఒక లెక్క కడితే కోడ్ వచ్చేస్తుంది. ఫోర్డ్ పాత సెట్లలో వీ అనో ఎమ్ అనో మొదలయ్యే ఆరంకెల సీరియల్ నుంచి కోడ్ రాబట్టొచ్చు. కంపెనీలు గుట్టుగా ఉంచుకున్న ఆ సంబంధాలు ఎప్పుడో బయటపడ్డాయి. నా ఉద్దేశంలో ఇక్కడ ఇంజనీర్లు చేసింది పెద్ద పొరపాటు. 1883లోనే ఆగస్ట్ కెర్కాఫ్స్ అనే భాషా పండితుడు సైనిక సంకేతాల మీద రాస్తూ, పద్ధతి శత్రువు చేతికి చిక్కినా నష్టం లేకుండా ఉండాలి, గుట్టంతా తాళంచెవిలోనే ఉండాలి అన్నాడు. ఈ సెట్లలో తాళంచెవి ఎక్కడుంది? సెట్టు పక్కనే స్టిక్కరు మీద అచ్చేసి ఉంది! ఊడబెరికిన దొంగకి అన్నిటికన్నా ముందు కనబడేది అదే.

బాబాయి సెట్టు ఆ కోవలోది కాదు. మోడల్ ఎప్పుడో ఆగిపోయింది, డీలరు విజయవాడ నుంచి మకాం ఎత్తేశాడు. మెకానిక్కు ఆర్‌సీ చూపించమన్నాడు. ఆ మాటతో ఆయన మీద నాకు గురి కుదిరింది. తర్వాత పై రేకు విప్పాడు. భూతద్దం కింద ఎనిమిది కాళ్ళ చిప్పు. దాన్ని ఊడదీయలేదు, పైనుంచి బట్టల క్లిప్పు లాంటిది కరిపించాడు. దానికి ఎనిమిది సన్నటి వైర్లు, అవతలి కొస కొన్ని వందల రూపాయలకి దొరికే రీడరుకి, అక్కణ్ణుంచి లాప్‌టాప్‌కి. మొదటిసారి స్క్రీను నిండా ఒకటే అక్షరం, ఎఫ్ ఎఫ్ ఎఫ్. “క్లిప్పు ఆనలేదండి,” అని ఇంకు రబ్బరుతో చిప్పు కాళ్ళు తుడిచాడు. మన గాలికి ఏ లోహమైనా పూత పూస్తుంది. రెండోసారి పదహారు వరసలు, వరసకి పదహారు జతలు. ఎక్కువ భాగం సున్నాలు. కొన్నిచోట్ల ఒక క్రమంలో అంకెలు.

కోడ్ ఎక్కడుంటుందో సెట్టు సెట్టుకీ మారుతుంది. అనుభవం పనికొచ్చేది ఇక్కడే. ఆయన మూడో వరసలో రెండు జతల మీద వేలు పెట్టాడు. అసలు అంకెలు రాయను, బండి ఇంకా బాబాయి దగ్గరే ఉంది. మాటవరసకి 93, 41 అనుకోండి. “తిరగేసి రాస్తారండి ఈ కంపెనీవాళ్ళు,” అని పక్కన కాగితం మీద ప్రతి జతనీ తలకిందులు చేసి 3914 అని రాశాడు. కొన్ని కంపెనీలు ఇంతకన్నా గజిబిజి చేసి దాస్తాయట. సెట్టు బిగించి, వైర్లు తగిలించి, ఆ నాలుగంకెలూ కొట్టాడు.

విజయవాడ ఆకాశవాణి పలికింది. తిరిగి వెళ్తూ మోపిదేవి దాటాక ఎఫ్ఎం గరగరలాడటం మొదలైంది. దాని తరంగాలు దాదాపు చూపు సాగినంత మేరకే పోతాయి. మీడియం వేవ్ నేలని అంటిపెట్టుకుని నడుస్తుంది, తడి నేల, ఉప్పు నేల అయితే ఇంకా బాగా నడుస్తుంది. 1948లో మొదలైన విజయవాడ కేంద్రాన్ని 837 కిలోహెర్ట్జ్ మీద దివిసీమ చివరి ఊళ్ళు అంత స్పష్టంగా వినగలిగాయంటే ఆ పుణ్యంలో కొంత మన ఉప్పుకయ్యలది.

కథ అక్కడితో అయిపోలేదు. పది రోజులు తిరక్కుండా మళ్ళీ ‘కోడ్’. ఈసారి అంకెలు తెలుసు కాబట్టి కొట్టాడు. నాలుగు రోజులకి మళ్ళీ. బాబాయి మెకానిక్కుని అనుమానించాడు, నేను బ్యాటరీ టెర్మినల్‌ని అనుమానించాను. సెల్ఫ్ కొట్టినప్పుడు స్టార్టర్ మోటారు వందకి పైగా ఆంపియర్లు లాగుతుంది. పన్నెండున్నర ఉండాల్సిన వోల్టేజీ ఆ రెండు క్షణాలూ పదికో తొమ్మిదికో పడుతుంది. ఆ మాత్రం సెట్టు తట్టుకుంటుంది. టెర్మినల్ వదులుగా ఉన్నా, తెల్లటి పూత పట్టినా ఇంకా కిందికి పడిపోతుంది. అప్పుడు పసుపు వైరు తెగినట్టే లెక్క. ఊరికే కోడ్ అడిగే రేడియో చాలాసార్లు చెబుతున్నది బ్యాటరీ సంగతే. దాన్ని పట్టించుకోకపోతే ఏదో ఒక రాత్రి చెరువు గట్టు మీద బండి మొరాయిస్తుంది. బానెట్ ఎత్తి చూస్తే నెగటివ్ క్లాంపు చేత్తో తిప్పితే తిరుగుతోంది. వేడినీళ్ళు పోసి పూత కడిగి, పొడిగా తుడిచి, నట్టు బిగించి, పైన వ్యాజిలీన్ రాశాం. ఆ పని కోసం క్లాంపు తీసినప్పుడు ఎలాగూ ఇంకోసారి కోడ్ అడిగింది.

మెకానిక్కు కోడ్‌ని సెట్టు పై రేకు మీద మార్కర్‌తో రాస్తానంటే నేను వద్దన్నాను. పిన్ని మా ఇద్దరి మాటా వినలేదు. వాళ్ళింట్లో బీరువా తలుపు లోపలి వైపు గ్యాసు కన్స్యూమర్ నంబరు, కరెంటు సర్వీసు నంబరు, ఎల్ఐసీ పాలసీ నంబరు బాల్‌పెన్నుతో రాసి ఉంటాయి. వాటి కింద ‘కారు పాటలు’ అని రాసి నాలుగంకెలు వేసింది.